అటక మీది కంప్యూటర్‌కు తలకిందుల సలహాలు

పాత కంప్యూటర్‌ని ఏం చేయమంటారని నన్ను అడిగినవాళ్లలో సగం మంది నా మాట నమ్మరు. నమ్మని ఆ సగం మంది షాపుకు వెళ్తారు. అక్కడ కొత్తది కొనమంటారు. కొంటారు. పాతది అటకెక్కుతుంది.

నేను తెనాలిలో 22 ఏళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు, కోర్టు కాగితాలు, దినకర్మ కార్డులు, అప్పుడప్పుడూ ఎవరో పెద్దాయన రాసుకున్న పద్యాల పుస్తకం. ఇన్నేళ్లలో కొత్త కంప్యూటర్ కొన్నది ఒక్కసారే. తక్కినవన్నీ ఎవరో వాడి పక్కన పెట్టినవే. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం మారినప్పుడు ఇచ్చింది ఒకటి. పిన్ని కూతురు డాలస్ నుంచి సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి. మూతపడిన నెట్ సెంటర్ నుంచి పాత ఇనుము బండి ఎక్కబోతుంటే ఆపి తెచ్చుకున్న సీపీయూ ఒకటి. ఈ మూడూ ఇవాళ్టికీ నాకు అన్నం పెడుతున్నాయి.

కింద చెప్పేవన్నీ వినడానికి తలకిందులుగానే ఉంటాయి. ప్రతి ఒక్కటీ చేసి చూసి చెబుతున్నాను.

షాపుకు తీసుకెళ్లకండి, ముందు తారీఖు చూడండి

పోయిన వేసవిలో మా మేనల్లుడు ఒక సీపీయూని స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చాడు. వాళ్ల పెదనాన్న ఇచ్చిందది. పిల్లాడు మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"అత్తా, ఏ సైటూ తెరుచుకోవట్లేదు. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందన్నాడు. మార్చాలంటే నాలుగు వేలట. అంత పెట్టే బదులు అమ్మేసుకో, ఎనిమిది వందలిస్తా అన్నాడు."

"అమ్మేశావా ఏంటి కొంపదీసి?"

"లేదు. నిన్నోసారి అడిగి రమ్మంది అమ్మ."

"మంచి పని చేసింది. వైరు పెట్టు నాన్నా."

స్విచ్ వేశాం. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి: సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ముందుకు వెళ్లాలంటే ఎఫ్1 నొక్కండి అని. నొక్కాం. విండోస్ తెరుచుకున్నాక కుడివైపు కిందమూల చూస్తే తారీఖు 2009 జనవరి 1. బ్రౌజర్ తెరిస్తే మీ గడియారం వెనకబడి ఉందని అదే చెబుతోంది. వాడు ఆ పేజీని నెల రోజులుగా చూస్తున్నాడు, చదవలేదు. షాపతనూ చదవలేదు.

సంగతేమిటంటే, ప్రతి భద్రమైన సైటుకూ ఒక ధ్రువపత్రం ఉంటుంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుందని అందులో ఉంటుంది. తాను 2009లో ఉన్నాననుకునే కంప్యూటర్‌కి ఈ ఏడాది ఇచ్చిన ధ్రువపత్రం చూపిస్తే, అది చెల్లే రోజు ఇంకా రాలేదు కదా అని తలుపు వేసేస్తుంది. బ్యాంకు, రిజల్ట్స్, మెయిల్, ఏదీ తెరుచుకోదు. చూసేవాళ్లకు కంప్యూటరే చచ్చిపోయినట్టు అనిపిస్తుంది.

కరెంటు లేనప్పుడు తారీఖును గుర్తుపెట్టుకునేది మదర్‌బోర్డు మీదుండే రూపాయి బిళ్లంత బ్యాటరీ. దాని పేరు సీఆర్2032. కొలత పేరులోనే ఉంది: 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. 3 వోల్టులు. కారు తాళం రిమోట్లలోనూ ఇదే వేస్తారు కాబట్టి వాచీలు బాగుచేసేవాళ్ల దగ్గర కూడా దొరుకుతుంది. నాకు యాభై రూపాయలు కూడా కాలేదు.

ప్లగ్గు పీకేసి, పవర్ బటన్‌ని ఒకసారి నొక్కి వదలండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. పక్క రేకు విప్పి, బ్యాటరీ పక్కనున్న చిన్న కొక్కేన్ని గోటితో వెనక్కి నెడితే బిళ్ల పైకి లేస్తుంది. కూడిక గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే సెట్టింగుల పేజీ వస్తుంది. అందులో తారీఖు, టైము సరిచేయండి. ఇక్కడ చాలామంది వదిలేసేది ఒకటుంది. బ్యాటరీ పోయినప్పుడు తారీఖుతో పాటు తక్కిన సెట్టింగులూ మొదటికి వచ్చేస్తాయి. డిస్క్ దగ్గర ఏహెచ్‌సీఐ అని ఉండాల్సింది ఐడీఈ అయిపోతే విండోస్ నీలి తెర చూపించి ఆగిపోతుంది. అది చూసి మళ్లీ షాపుకు పరిగెత్తకండి. ఆ ఒక్క మాట మార్చి చూడండి.

పాత బిళ్లను నేల మీద మాత్రం వదలొద్దు. పసివాళ్లు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలి పుండవుతుంది. నేను టేపు చుట్టి పైఅరలో డబ్బాలో వేస్తాను.

మా మేనల్లుడు ఆ సాయంత్రమే వాడి హాల్‌టికెట్ అక్కడే ప్రింట్ తీసుకుని వెళ్లాడు.

కొత్త ర్యామ్ కాదు, పెన్సిల్ రబ్బరు కొనండి

ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మీద ఏమీ రాదు. లోపలి నుంచి బీప్ బీప్ మని కొడుతుంది. పదింట ఏడెనిమిదిసార్లు నా అనుభవంలో ఇది ర్యామ్ పని. పోయిందని కాదు, దాని అంచున ఉండే బంగారు రంగు పళ్ల మీద చెమ్మ, మురికి పట్టి అతుకు సరిగా కుదరక.

ప్లగ్గు పీకి, క్యాబినెట్ ఇనుప అంచును చేత్తో ముట్టుకోండి. మన ఒంట్లో ఉండే స్థిర విద్యుత్తు అలా దిగిపోవాలి. ర్యామ్ బయటకు తీసి, బడి పిల్లల తెల్ల రబ్బరుతో ఆ పళ్లను ఒకే వైపుగా మెల్లగా రుద్దండి. రబ్బరు పొడి దులిపి, పొడి నూలుగుడ్డతో తుడిచి, రెండు పక్కలా టక్కుమనేదాకా నొక్కండి. ఒక వైపు టక్కుమని రెండో వైపు అనకపోతే అది కూర్చోలేదన్నట్టే.

తెరిచాక దుమ్ము ఎలాగూ కనిపిస్తుంది. దాన్ని తుడవడం శుభ్రత కోసమని అనుకోకండి, వేగం కోసం. ప్రాసెసర్ బాగా వేడెక్కితే కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం మూడింటికి నత్తలా నడిచే కంప్యూటర్ తెల్లారి ఆరింటికి బాగానే నడిస్తే దానికి వచ్చింది ముసలితనం కాదు, జ్వరం. ఫ్యాను కింద అల్యూమినియం రేకుల మధ్య దూది పరుపులా పేరుకున్న దుమ్మును పాత పెయింటు బ్రష్‌తో తీయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను ఐస్‌క్రీమ్ పుల్లతో ఆపి పట్టుకోండి. వదిలేస్తే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ పదేళ్లకు సుద్దలా ఎండిపోయి ఉంటుంది. పాతది తుడిచి, బఠాణీ గింజలో సగమంత కొత్తది పెడితే చాలు.

ఎంత ధైర్యం ఉన్నా విప్పకూడనివి రెండున్నాయి. కరెంటు వైరు వచ్చి చేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టె, పాత బుడ్డి మానిటర్ వెనక భాగం. ప్లగ్గు పీకాక కూడా వాటిలో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉంటుంది. వాటి జోలికి నేనూ పోను.

ప్రాసెసర్ సంగతి మరిచిపోండి

మీ కంప్యూటర్ గురించి షాపులో మొదట అడిగేది "ఏ జనరేషన్ అండీ?" అని. మూడో జనరేషన్ ఐ3 అనగానే పెదవి విరుస్తారు. ఆ ప్రశ్నే తప్పు. ఉత్తరాలు టైపు చేయడానికి, పీడీఎఫ్ చదవడానికి, పాఠం వీడియో చూడడానికి పదేళ్ల కిందటి ప్రాసెసర్ ఎక్కువ. అది ఎక్కువసేపు ఊరికే కూర్చుంటుంది.

నమ్మకపోతే ఇప్పుడే చూడండి. విండోస్ 10లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. కంప్యూటర్ ఇరుక్కుపోయినట్టు ఉన్న ఆ క్షణంలో సీపీయూ కింద 10, 15 శాతం, డిస్క్ కింద 100 శాతం కనబడితే రోగం ఎక్కడుందో తెలిసిపోయింది. పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లో పళ్లేలు నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. వాటి మీద సూది లాంటి చేయి ఒకటి అటూ ఇటూ కదిలి ఫైలు ఎక్కడుందో వెతకాలి. తలో చోట ఉన్న చిన్న చిన్న ముక్కలు ఏరాలంటే సెకనుకు వంద దాకా ఏరుతుంది, అంతే. హార్డ్ డిస్క్‌కు బదులుగా వేసే ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అదే పని వేల మీద వేలు చేస్తుంది.

అందుకే, ఉన్న డబ్బంతా ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. రెండున్నర అంగుళాల సాటా రకం కొనండి. అది ల్యాప్‌టాప్‌లోనూ పడుతుంది, డెస్క్‌టాప్‌లోనూ పడుతుంది. పెద్దది వద్దు, 240 లేదా 256 జీబీ చాలు. "మీ బోర్డు సాటా 2 అండీ, ఎస్‌ఎస్‌డీ వేసినా దండగ" అని ఎవరైనా అంటే వినకండి. పెద్ద సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడు వేగం సగానికి పడిపోయే మాట నిజమే. మనం రోజంతా చేసేది సినిమాలు కాపీ చేయడం కాదు కదా. చిన్న ఫైళ్లు వెతికే వేగం దాదాపు అలాగే ఉంటుంది, మనకు కావలసింది అదే. నా నెట్ సెంటర్ సీపీయూ సాటా 2దే. ఇదివరకు స్విచ్ వేసి, వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. ఇప్పుడు నేను కుర్చీ లాక్కునేలోపు తెరుచుకుంటుంది.

లోపల సన్నటి వైర్లకు బదులు వెడల్పాటి రిబ్బను వైరు డిస్క్‌కు తగిలించి ఉంటే అది సాటా రాకముందటి కాలంది. దాని మీద పైసా పెట్టకండి. ఉన్నది ఉన్నట్టు వాడుకోండి.

తీసేసిన హార్డ్ డిస్క్‌నీ పారేయొద్దు. ల్యాప్‌టాప్‌లో సీడీ డ్రైవ్ ఉంటే దాన్ని ఊడదీసి, ఆ చోట క్యాడీ అనే చట్రంలో పాత డిస్క్ పెట్టుకోవచ్చు. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్ల మందాల్లో వస్తాయి. కొనే ముందు సీడీ డ్రైవ్‌ను స్కేలుతో కొలవండి. నేను కొలవకుండా కొని ఒకసారి వెనక్కి తిరగాల్సి వచ్చింది.

ర్యామ్ విషయానికి వస్తే, 4 జీబీ ఉంటే సర్దుకోవచ్చు, 8 ఉంటే హాయి. సెకండ్‌హ్యాండ్‌దే కొనండి, ర్యామ్ అంత తేలిగ్గా అరిగిపోయే వస్తువు కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఆఫీసుల నుంచి దిగిన పాత సీపీయూల ర్యామ్ విడిగా అమ్ముతారు. మీ పాతదాన్ని ఊడదీసి చేత్తో పట్టుకెళ్లండి, పేరు చెబితే పొరపాటు జరుగుతుంది. డీడీఆర్3 బదులు డీడీఆర్4 ఇస్తే గాడి కూడా కలవదు. డీడీఆర్3ఎల్ అని రాసి ఉంటే అది 1.35 వోల్టులది. ఆ వోల్టేజీ మాత్రమే తీసుకునే ల్యాప్‌టాప్‌లో 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 పనిచేయదు. అన్నట్టు, 4 జీబీ ఉన్నా విండోస్ మూడు చిల్లరే వాడుకుంటోందని చూపిస్తే కొత్త ర్యామ్ కొనే ముందు ఆగండి. ఎవరో 32 బిట్ విండోస్ ఎక్కించి ఉంటారు. ఎంత ర్యామ్ పోసినా దానికి అంతకుమించి అందదు.

అమెరికా చార్జర్‌ను పారేయకండి

డాలస్ నుంచి వచ్చిన ల్యాప్‌టాప్ మూడు నెలలు అలమరలో పడుంది. అక్కడి కరెంటు వేరు, ఇక్కడ పెడితే కాలిపోతుందని అందరూ భయపెట్టారు. చార్జర్ ఇటుక వెనక సన్నక్షరాల్లో 100-240 వోల్టులు అని ఉంది. అంటే ఏ దేశం కరెంటైనా దానికి ఒకటే. కావలసిందల్లా మన గోడ ప్లగ్గుకు సరిపోయే వైరు ముక్క. డెస్క్‌టాప్ వస్తే మాత్రం వెనకవైపు చూడండి. కొన్నింటికి 115, 230 అని ఎర్ర మీట ఉంటుంది. అది 115 మీద ఉండగా ఇక్కడ స్విచ్ వేస్తే ఢామ్మంటుంది.

చార్జర్ పోతే మారుది కొనేటప్పుడు వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు.

ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోతే మరొకటి కొనకండి, పీకేసి వాడండి. చాలా ల్యాప్‌టాప్‌లు చార్జర్ మీదే నడుస్తాయి. డెస్క్‌టాప్‌కు ఉన్న యూపీఎస్‌కే తగిలించుకోండి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచిందంటే ఆ రోజే తీసేయాలి. గుచ్చకూడదు, నొక్కకూడదు, ఎండలో పెట్టకూడదు.

విండోస్ 11 రాదని బెంగ వద్దు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ నుంచే లెక్క. ఆ జనరేషన్ వచ్చింది 2017లో. అంతకుముందు కొన్న కంప్యూటర్లన్నీ ఒక్క రోజులో పాతవైపోయాయి, వాటిలో ఏ భాగమూ చెడిపోకపోయినా. నాకు కోపం తెప్పించేది ఇదే. ఎలాగో మాయ చేసి విండోస్ 11 ఎక్కిస్తామనేవాళ్లు ఉన్నారు. తర్వాతి అప్‌డేట్ వస్తుందో రాదో ఎవరూ హామీ ఇవ్వరు. తాళం పగలగొట్టిన దొంగ విండోస్ ఎక్కించేవాళ్లూ ఉన్నారు. ఆ తాళం పగలగొట్టే ప్రోగ్రాములోనే వైరస్ కూర్చుని ఉంటే మీ బ్యాంకు పాస్‌వర్డు ఎవరి చేతిలో ఉన్నట్టు?

లినక్స్ వేయండి. నేను వాడేది లినక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం. డబ్బు అక్కర్లేదు. "అది ఇంజినీర్లకు గానీ మనకెందుకు" అని మా ఆయన కూడా అన్నారు. ఇప్పుడు ఆయన పేపరు చదివేది, పాత పాటలు వినేది దాని మీదే. ముందే ఎక్కించేయకండి. మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి దాని మీదనుంచే నడిపి చూడొచ్చు, మీ డిస్క్‌లో ఒక్క ఫైలూ కదలదు. వైఫై వస్తోందా, శబ్దం వస్తోందా, ప్రింటర్ కొడుతోందా చూసుకోండి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో వైఫై మొదట రాదు. ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో తగిలించి టెథరింగ్ పెడితే నెట్ వస్తుంది. దానితో వైఫై డ్రైవర్ దించుకోవచ్చు. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది. లిబ్రేఆఫీస్‌లో ఆటోసేవ్‌ను 2 నిమిషాలకు మార్చండి, మన కరెంటు కోతలకు అదే మందు.

ట్యాలీ మీద లెక్కలు రాసేవాళ్లు, వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం టోకెన్లు వాడేవాళ్లు తొందరపడొద్దు. వాటిలో చాలా వరకు విండోస్‌కే చేసి ఉంటాయి. ఆ పని ఒక్కదాన్నీ మరో కంప్యూటర్‌కు అప్పజెప్పాకే మారండి.

విండోస్‌లోనే ఉంటామంటే కనీసం బూస్టర్లు, క్లీనర్లు, రెండో యాంటీవైరస్ తీసేయండి. వేగం పెంచుతామని వచ్చి ఉన్న కాస్త ర్యామ్‌లోనూ కాపురం పెట్టేవి అవే.

ఇంటర్నెట్ పీకేయండి

ఈ సలహాకే అందరూ ఎక్కువ నవ్వుతారు. నా సెంటర్‌లో నిలబడి చూస్తే నవ్వరు.

నా దగ్గరున్నవాటిలో పాతది, ఆ నెట్ సెంటర్ సీపీయూ, విండోస్ ఎక్స్‌పీ మీద నడుస్తుంది. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8నే ఆగిపోయింది. దాన్ని ఇంటర్నెట్‌కు తగిలిస్తే వీధి తలుపు తీసి పెట్టి ఊరెళ్లినట్టే. అందుకే దానికి నెట్ వైరే లేదు. అందులో పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్నాయి. తెలుగు నాట ఒక తరం శుభలేఖలు, కరపత్రాలు, పత్రికలు, పుస్తకాలు ఆ జంటతోనే తయారయ్యాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. తెలుగు అక్షరం గుణింతం, ఒత్తు ముక్కలుగా ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటుంది. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు. పేజ్‌మేకర్ ఫైలును ఇప్పటి ఇన్‌డిజైన్ నేరుగా తెరవనే తెరవదు.

పోయిన ఏడు ఒకాయన వచ్చారు. వాళ్ల నాన్నగారి శతకం 2006లో వేయించారట, మళ్లీ ముద్రించాలి. చేతిలో గీతలు పడ్డ సీడీ ఒకటి. మూడు చోట్ల తిరిగి, మొత్తం మళ్లీ టైపు చేయాలని, ఇంత ఖర్చవుతుందని విని వచ్చారు. ఎక్స్‌పీ కంప్యూటర్‌లో ఆ సీడీ పెట్టాను. రెండుసార్లు గరగరమని ఆగింది. మూడోసారి తెరుచుకుంది. మొదటి పేజీలోనే ఆయన నాన్నగారి ఫొటో, కింద పద్యం, ప్రతి ఒత్తూ ప్రతి వట్రసుడీ ఎక్కడిదక్కడ. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ టైపు చేసి ఉంటే ఎన్ని అచ్చుతప్పులు దొర్లేవో, అవి చూసి సరిచేయడానికి ఆ నాన్నగారు లేరు.

అలాంటి కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ ఒకటే వాకిలి. దానికి విడిగా ఒక పెన్‌డ్రైవ్ పెట్టుకోండి, ఇంకెవరిదీ పెట్టనివ్వకండి. షార్ట్‌కట్ వైరస్ నెట్ సెంటర్ల నుంచి జిరాక్స్ షాపులకు పాకింది పెన్‌డ్రైవ్‌ల మీదే. నేను ప్రతిసారీ ఆ పెన్‌డ్రైవ్‌ను ముందు లినక్స్‌లో ఫార్మాట్ చేస్తాను. పేజీలను ఫాంట్లతో సహా పీడీఎఫ్ చేసి బయటకు తెస్తాను. ఇంకోటి, ఆ కంప్యూటర్ డిస్క్ ఏదో ఒక రోజు ఆగిపోవడం ఖాయం. ఆగకముందే దాన్ని మరో డిస్క్ మీదకు యథాతథంగా క్లోన్ చేసి, తేదీ రాసి, బీరువాలో పెట్టండి. నా దగ్గర రెండు ప్రతులున్నాయి.

పిల్లల కంప్యూటర్‌కు కూడా నెట్ పీకేయమనే చెబుతాను, కనీసం బడి రోజుల్లో. కివిక్స్ అనే ఉచిత ప్రోగ్రాముతో తెలుగు వికీపీడియా మొత్తాన్ని నెట్ లేకుండా చదువుకోవచ్చు, చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. బొమ్మలేయడానికి టక్స్ పెయింట్, లెక్కలూ ఆటలూ కలిపి జీకాంప్రీ ఉన్నాయి. మా పక్కింటి పాప మూడో తరగతి. వాళ్ల బాబాయి ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో ఈ మూడే పెట్టాను. ఫోను అడగడం మానలేదు గానీ, సాయంత్రం కరెంటు ఉంటే ముందు దీని దగ్గరకే వస్తుంది.

ఒక్క పని చెప్పండి

ఒకే కంప్యూటర్‌తో టైపింగ్, సినిమాలు, ఆటలు, ఫొటోలు అన్నీ చేయించాలనుకుంటే అది మూలుగుతుంది. నా మూడింటికీ తలా ఒక పని ఉంది. ఎక్స్‌పీది పాత ఫైళ్లకు. తమ్ముడిది యూనికోడ్ టైపింగ్, మెయిళ్లకు. డాలస్‌ది ఇంట్లో ఫొటోలు, పాటలు దాచుకుని అందరి ఫోన్లకూ అందించడానికి రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంటుంది.

ఆ రాత్రింబవళ్ల పని డెస్క్‌టాప్‌కు అప్పగించొద్దు. కరెంటు లెక్క వేసుకోండి. 60 వాట్లు తాగే సీపీయూ 24 గంటలూ నడిస్తే నెలకు 43 యూనిట్లు. 20 వాట్ల ల్యాప్‌టాప్ అయితే 15 యూనిట్లు కూడా కావు. ఉచితంగా వచ్చిన సీపీయూ కరెంటు బిల్లులో ధర వసూలు చేసుకుంటుంది. బుడ్డి మానిటర్ అయితే మరీను.

ఇచ్చేవాళ్లకు

ఇంతవరకూ పుచ్చుకునేవాళ్లకు చెప్పాను. అసలు తప్పు ఎక్కువగా ఇచ్చేవాళ్ల దగ్గరే జరుగుతోంది. కొత్త ల్యాప్‌టాప్ కొన్న రోజు పాతదాన్ని అటక మీద పెట్టి, ఐదేళ్లయ్యాక ఇల్లు సర్దుతూ చెల్లెలి కొడుక్కి ఇస్తారు. అప్పటికి బ్యాటరీ ఉబ్బి ఉంటుంది, చార్జర్ ఏ పెట్టెలో ఉందో తెలియదు, పాస్‌వర్డు గుర్తుండదు. నా దగ్గరకు వచ్చే పాత ల్యాప్‌టాప్‌లలో నేను బాగుచేయలేక వెనక్కి పంపేవి చాలా వరకు చెడిపోయినవి కావు, స్విచ్ వేయగానే పాస్‌వర్డు అడిగేవి. కాబట్టి అన్నయ్యలూ అక్కయ్యలూ, ఇవ్వాలనుకుంటే ఈ ఏడాదే ఇవ్వండి. మీ ఫొటోలు, ఫైళ్లు తీసుకుని, డిస్క్ పూర్తిగా తుడిచి, స్టార్టప్ పాస్‌వర్డు తీసేసి, మీ ఖాతాల నుంచి బయటకు వచ్చి ఇవ్వండి. చార్జర్‌ను దాంతోనే టేపు వేసి కట్టి పంపండి.